పేపర్ యాక్సెప్ట్ అయింది, ఓపెన్ యాక్సెస్‌కి డబ్బు కట్టాలా వద్దా?

మూడో_చాప్టర్:
థీసిస్ మూడో చాప్టర్‌లోంచి తీసిన పేపర్ పదకొండు నెలలు అటూ ఇటూ తిరిగి చివరికి ఒక రీసెర్చ్ జర్నల్‌లో యాక్సెప్ట్ అయింది. ఆ సంతోషం ఒక్క రోజే. మర్నాడే ఇంకో మెయిల్: చందా కట్టిన లైబ్రరీల వాళ్లు మాత్రమే చదివేలా అయితే ఉచితంగా వేస్తారట, ఎవరైనా చదివేలా ఓపెన్ యాక్సెస్‌లో పెట్టాలంటే మూడు వేల డాలర్ల పైచిలుకు ఫీజట. నా స్టైపెండ్‌తో ఎన్ని నెలలవుతుందో లెక్కేయడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను.

రాసింది నేను, దాన్ని చదివి తప్పొప్పులు చూసి రివ్యూ చేసిన ఇద్దరికీ ఎవరూ పైసా ఇవ్వలేదు, కాగితం లేదు, అచ్చు లేదు, పోస్టు ఖర్చు లేదు, వచ్చేది ఒక పీడీఎఫ్. మరి ఈ డబ్బు దేనికండీ? కట్టకపోతే నా పేపర్ తాళం వెనకే ఉండిపోతుందా? ఇది చాలదన్నట్టు ఇంకో జర్నల్ నుంచి "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి" అంటూ రోజు మార్చి రోజు మెయిళ్లు, వారంలో వేసేస్తాం, ఫీజు చాలా తక్కువ అని. నాకింకా పీహెచ్‌డీయే రాలేదు.

పాత_ఎడిటర్:
ముందుగా అభినందనలు. ఆ ప్రొఫెసర్ మెయిల్ డిలీట్ చేసేయండి. రివ్యూ నిజంగా చేసేవాళ్లెవరూ వారంలో వేస్తామని ముందే మాటివ్వలేరు. 2013లో సైన్స్ పత్రిక తరఫున ఒకాయన కావాలని తప్పులు పెట్టి రాసిన పేపర్‌ని 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకి పంపితే సగానికి పైగా వేసుకుంటామన్నాయి.

ఇక మీ ఫీజు సంగతి. కొంత నిజమైన ఖర్చే. నేను ఆరేళ్లు అసోసియేట్ ఎడిటర్‌గా చేశాను, పదిమందికి రాస్తే ఇద్దరు రివ్యూకి ఒప్పుకునేవారు, ఆ ఇద్దరిలో ఒకరు మూడు నెలలు మాయం. సబ్మిషన్ సిస్టమ్, కాపీ కొట్టారేమో చూడటం, టైప్‌సెట్టింగ్, డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబర్), రేపు పబ్లిషర్ మూతపడినా ఫైళ్లు పోకుండా వేరేచోట దాచడం, వీటన్నిటికీ మనుషులు కావాలి, జీతాలు కావాలి. పైగా తిప్పి పంపిన పేపర్ల మీద పడిన శ్రమ కూడా యాక్సెప్ట్ అయినవాళ్ల ఫీజులోంచే రావాలి, అందుకే చాలావాటిని తిప్పి పంపే జర్నల్ ఎక్కువ అడుగుతుంది. నేచర్ జర్నల్ 2020లో ఒక్కో పేపర్‌కి ప్రకటించిన రేటు 9,500 యూరోలు.

కానీ అంతా ఖర్చే అంటే నేను నమ్మను. 2001లో ఒక చందా జర్నల్ బోర్డు నుంచి నలభై మంది రాజీనామా చేసి జర్నల్ ఆఫ్ మెషీన్ లెర్నింగ్ రీసెర్చ్ వైపు వచ్చేశారు. అది చదివేవాళ్ల దగ్గరా రాసేవాళ్ల దగ్గరా ఏమీ తీసుకోకుండా ఇప్పటికీ నడుస్తోంది, ఆ రంగంలో పెద్ద పేరు కూడా. 2023లో మెదడు పరిశోధనల జర్నల్ న్యూరోఇమేజ్ ఎడిటర్లు 3,450 డాలర్ల ఫీజు తగ్గించమని అడిగి, పబ్లిషర్ వినకపోతే అందరూ కలిసి బయటికొచ్చి సొంతంగా ఇంకో జర్నల్ పెట్టుకున్నారు. 1665లో జర్నళ్లు పుట్టినప్పుడు వాటి పని అచ్చేసి పంచడం. ఇంటర్నెట్ వచ్చాక పంచడానికి ఖర్చేమీ లేదు. జర్నల్ దగ్గర మిగిలింది దాని పేరు, ఆ పేరు మీ బయోడేటాలో కావాలి కాబట్టి మీరు కడతారని వాళ్లకి తెలుసు.

లైబ్రరీ_మెట్లు:
దయచేసి సొంత డబ్బు కట్టకండి. నేను లైబ్రరీలో ఇదే పని చేస్తాను, అడక్కుండా కట్టేసి తర్వాత వచ్చినవాళ్లని చాలామందిని చూశాను.

మీ యూనివర్సిటీకి ఆ పబ్లిషర్‌తో ఒప్పందం ఉందేమో కనుక్కోండి, ఉంటే ఫీజు అందులోంచే పోతుంది. ఒక మెలిక ఉంది, సాధారణంగా కరెస్పాండింగ్ ఆథర్ (జర్నల్‌తో ఉత్తరాలు నడిపే రచయిత) ఎవరో వాళ్ల సంస్థనే చూస్తారు. మీ గైడ్ పేరు పెట్టి, ఆయన ఈమధ్య వేరేచోటికి మారి ఉంటే కథ మారిపోతుంది. ఫీజు మాఫీ అడగొచ్చు గానీ పూర్తిగా ఓపెన్ యాక్సెస్ జర్నళ్లే ఎక్కువగా ఇస్తాయి, మీది చందా కూడా ఉన్న హైబ్రిడ్ రకం కాబట్టి ఆశ పెట్టుకోకండి.

అసలు మీకు ఎవరూ చెప్పనిది ఇంకోటి: ఉచితంగా వేయించుకుని, రివ్యూ తర్వాత మీరు సరిచేసి పంపిన ఫైల్‌ని యూనివర్సిటీ రిపాజిటరీలో (ఎవరైనా చదవగలిగే ఆన్‌లైన్ భాండారం) పెట్టుకోవచ్చు. చాలా పబ్లిషర్లు ఒప్పుకుంటారు, కొందరు వెంటనే, కొందరు 6 నెలలకో 12 నెలలకో. దీన్నే గ్రీన్ రూట్ అంటారు. ఓపెన్ యాక్సెస్ గురించి 2002లో వచ్చిన బుడాపెస్ట్ ప్రకటనలో చెప్పిన రెండు దారుల్లో ఇదొకటి, ఫీజు కట్టే దారికి వచ్చినంత ప్రచారం దీనికి రాలేదు, ఎందుకో మీరే ఊహించుకోండి. జర్నల్ పేరు కొట్టి ఓపెన్ పాలసీ ఫైండర్ అనే సైట్‌లో చూడండి (పాత పేరు షెర్పా రోమియో), ఏ వెర్షన్ ఎప్పుడు ఎక్కడ పెట్టొచ్చో ఉంటుంది. అమెరికాలో ఎన్‌ఐహెచ్ (ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ) నిధులతో చేసిన పనికైతే 2025 జులై నుంచి ఆ ఎదురుచూపు కూడా లేదు, పేపర్ బయటికొచ్చిన రోజే అందరికీ కనపడాలి.

ఎప్సిలాన్:
మా గణితంవాళ్లకి ఈ గొడవే వింతగా ఉంటుంది. 1991 నుంచి ఆర్కైవ్ (arXiv) అనే సైట్ ఉంది, రాయగానే అక్కడ పెట్టేస్తాం, చదివేవాళ్లు అక్కడే చదువుతారు. రష్యన్ గణితవేత్త పెరెల్మాన్ పాయింకరే కంజెక్చర్ అనే పాత చిక్కుప్రశ్నకి తన నిరూపణని 2002, 2003లలో అక్కడే పెట్టి వదిలేశారు, జర్నల్‌కి పంపనే లేదు. డిస్క్రీట్ అనాలిసిస్ అనే జర్నల్‌కయితే సొంత పీడీఎఫ్‌లే లేవు, రివ్యూ చేసి ఆర్కైవ్‌లోని పేపర్‌కి లింక్ ఇస్తుందంతే.

పాత_ఎడిటర్:
పెరెల్మాన్‌ని ఉదాహరణగా చెప్పి కుర్రాళ్లని చెడగొట్టకండి :) నిరూపణని తర్వాత నిపుణులు కొన్నేళ్లు కూర్చుని పరీక్షించారు. మందుల గురించిన ప్రిప్రింట్‌ని (రివ్యూకి ముందే బయటపెట్టిన పేపర్) రాత్రికి రాత్రి వార్తల్లో వేస్తే ఆగి పరీక్షించేదెవరు? అలాగని రివ్యూ ఉంటే చాలనీ అనను. 2020 మేలో లాన్సెట్ అనే వైద్య జర్నల్ వేసిన, కోవిడ్‌కి హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు గురించిన పేపర్‌ని రెండు వారాలు తిరక్కుండానే జూన్‌లో వెనక్కి తీసుకున్నారు.

మూడో_చాప్టర్:
అందరికీ థ్యాంక్స్. ఎప్సిలాన్ గారూ, మా డిపార్ట్‌మెంట్ కమిటీ జర్నల్ పేరు చూసే మార్కులేస్తుంది, కాబట్టి నాకు ఆ స్వేచ్ఛ లేదు. లైబ్రరీలో అడిగాను, ఒప్పందం ఉంది గానీ ఈ జర్నల్ అందులో లేదట. పాలసీలో మాత్రం సరిచేసిన వెర్షన్‌ని 12 నెలల తర్వాత రిపాజిటరీలో పెట్టుకోవచ్చని ఉంది. ఉచితం దానికే టిక్ పెట్టేశాను. ఇప్పుడు కొత్త టెన్షన్, నా ఫోల్డర్‌లో ఫైనల్, ఫైనల్_2, ఫైనల్_అసలుది, ఫైనల్_సార్_దిద్దినది అని నాలుగున్నాయి. పెట్టాల్సింది ఏది?

లైబ్రరీ_మెట్లు:
చివరి రివిజన్‌గా జర్నల్ సైట్‌లో అప్‌లోడ్ చేసింది ఏదైతే అది. వాళ్ల లోగో, పేజీ నంబర్లు ఉన్న పీడీఎఫ్ మాత్రం కాదు. సబ్మిషన్ అకౌంట్‌లోకి వెళ్లి ఈరోజే దించి పెట్టుకోండి, ఏడాది తర్వాత ఆ పాస్‌వర్డ్ మీకు గుర్తుండదు.