టీచర్ లేని గూడేలకు చదువు ఆటలున్న ట్యాబ్‌లు ఇవ్వాలా?

ఆటలపెట్టె:
టాంజానియాలోని టాంగా ప్రాంతంలో, గ్లోబల్ లెర్నింగ్ ఎక్స్‌ప్రైజ్ పోటీలో భాగంగా దాదాపు 170 పల్లెల పిల్లలకు స్వాహిలీ చదువు ఆటలున్న ట్యాబ్‌లు ఇచ్చారు. ఎవరూ పాఠం చెప్పలేదు. మొదట్లో 90 శాతానికి పైగా పిల్లలకు ఒక్క స్వాహిలీ మాట కూడా చదవడం రాదు. 15 నెలలకు అలాంటివాళ్లు సగానికి తగ్గారు. 2019లో ఆ ఆటలు తయారుచేసిన బృందాల్లో కిట్‌కిట్ స్కూల్, వన్‌బిలియన్ కోటి డాలర్ల బహుమతి పంచుకున్నాయి. ఆ ఆటల కోడ్ ఉచితం. మన గూడేలకు కోయ, గోండిలో ఎందుకు చేయకూడదు?

బడిపంతులు:
ఛార్జింగ్ ఎక్కడ పెడతారు?

ఆటలపెట్టె:
అక్కడ ఊళ్లో సోలార్ పెట్టారు మాస్టారూ.

బడిపంతులు:
పాడైతే ఎవరు బాగుచేస్తారు? మా బడికి కంప్యూటర్లు వచ్చాయి. బ్యాటరీలు పోయాయి. అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిపోయాను. ఆ గదికి ఇప్పటికీ తాళమే.

సన్నజాజి:
మా పాపకు ట్యాబ్ ఇస్తే యూట్యూబ్ తప్ప ఇంకేదీ తెరవదు.

కోడ్‌రైతు:
ట్యాబే ఎందుకు? టీవీకి తగిలించే క్యాసెట్ గేములు చిన్న ఊళ్లలోనూ అమ్మేవారు. 2008 ప్రాంతంలో ప్లేపవర్ బృందం అలాంటి 12 డాలర్ల పాతకాలపు 8 బిట్ గేమ్ పెట్టెలకే చదువు ఆటలు రాయడం మొదలుపెట్టింది. పెట్టె బజార్లోనే ఉంది, క్యాసెట్ పంచితే చాలు అన్నది వాళ్ల ఆలోచన.

బడిపంతులు:
దానికీ కరెంటు కావాలి. పైగా టీవీ.

ఆటలపెట్టె:
ఏం చెప్పినా కరెంటు దగ్గరే ఆగుతారేంటి? పిల్లలు నేర్చుకోవడం మీకు ఇష్టం లేదా?

బడిపంతులు:
ఆ మాట అనకండి. ఒక్కణ్నే ఐదు తరగతులు చూస్తున్నాను. రెండో పోస్టు అడిగితే "డిజిటల్ పాఠాలు వచ్చాయి కదా" అన్నారు. "ఎవరూ పాఠం చెప్పలేదు" అని మీరు గొప్పగా రాశారే, నాకు మండింది అక్కడ. మీ ఆట అక్షరాలు నేర్పుతుంది, కాదనను. కానీ అది నా పక్కకు రావాల్సిన టీచర్‌కి బదులుగా వస్తోంది.

ఆటలపెట్టె:
అలా అన్నది అధికారి, ఆట కాదు. పోస్టు భర్తీ అయ్యేదాకా ఏడేళ్ల పిల్ల చదువు ఆపుకొని కూర్చోవాలా?

సన్నజాజి:
15 నెలల తర్వాత కూడా ఒక్క మాట చదవలేకపోయిన పిల్లల సంగతేంటి? పక్కన ఒక మనిషి ఉంటే వాళ్లకీ వచ్చేదేమో.

కోడ్‌రైతు:
ఆఫ్రికా దేశం మలావీలో వన్‌బిలియన్ ఆటలను సర్కారు బడుల్లోనే, టీచర్ పర్యవేక్షణలో వాడుతున్నారు. టీచర్‌ని తీసేయాలని ఆటలో ఎక్కడా లేదు.

బడిపంతులు:
అయితే ట్యాబ్‌లిచ్చిన బడిలో పోస్టు తగ్గించకూడదని ముందే జీవోలో రాయించండి. కోయ మాటలు, పాటలు నేనే సేకరించి ఇస్తాను.

ఆటలపెట్టె:
ఆ షరతు పెడితే ఏ ప్రభుత్వమూ ముందుకు రాదు. నష్టపోయేది పిల్లలే.

బడిపంతులు:
షరతు లేకుండా వస్తే మా బడే ఉండదు. నేను ఒప్పుకోను.