ఆరుగురం, ఒక పెద్ద ఎస్‌యూవీ: ఏది కొనాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేం అమెరికా వచ్చి నాలుగు నెలలైంది. నాది హెచ్1బీ ఉద్యోగ వీసా. ఇద్దరు పిల్లలు, పెద్దోడికి 4 ఏళ్లు, చిన్నదానికి 9 నెలలు. వేసవిలో అమ్మానాన్న వచ్చి ఆరు నెలలు ఉంటారు. ఇన్నాళ్లూ అద్దె కారుతో నెట్టుకొచ్చాం. ఎలాగూ కొనక తప్పదు కాబట్టి పెద్దదీ, సేఫ్‌గా ఉండేదీ ఒకేసారి కొనేద్దామని మా ఆవిడా నేనూ అనుకుంటున్నాం. వోల్వో ఎక్స్‌సీ90, ఆడి క్యూ7, బీఎండబ్ల్యూ ఎక్స్5, అక్యూరా ఎండీఎక్స్ దగ్గర ఆగాం. 84 నెలల లోన్ మీద కొత్తదే ఇస్తామంటున్నారు. వీటిలో ఏది సేఫ్? పెట్టిన డబ్బుకి ఏది గిట్టుబాటు?

జవాబు:

వోల్వో అంటేనే సేఫ్టీ. కళ్లు మూసుకుని తీసుకోండి.

ఇంకో జవాబు:

తమ్ముడూ, కళ్లు తెరిచే కొను.

వోల్వో అంటే నాకూ గౌరవమే. ఇవాళ అందరం పెట్టుకునే మూడు పాయింట్ల సీటు బెల్టు 1959లో ఆ కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ చేసిందే. దాని పేటెంట్‌ని మిగతా కంపెనీలు కూడా వాడుకోనిచ్చారు. కానీ ఆ మంచిపేరుని చూసి ఇవాళ ఏ కారూ కొనలేం. సేఫ్టీ చూడాల్సింది ఆ మోడల్‌కి, ఆ సంవత్సరానికి వచ్చిన రేటింగ్‌లో. ఖరీదైన బ్రాండ్ అయితే సేఫే అనుకుంటే 2012 సంగతి గుర్తు చేసుకో. ఆ ఏడాది ఐఐహెచ్‌ఎస్ (కార్లని గుద్దించి రేటింగులిచ్చే, ఇన్సూరెన్స్ కంపెనీల సంస్థ) వాళ్లు కొత్త పరీక్ష ఒకటి పెట్టారు. కారు ముందుభాగంలో 25 శాతం మాత్రమే తగిలేలా, గంటకి 40 మైళ్ల వేగంతో గట్టి అడ్డుకి గుద్దించడం. చెట్టుకో, స్తంభానికో కారు మూల తగిలినట్టన్నమాట. మొదటి విడతలో 11 లగ్జరీ సెడాన్లని గుద్దిస్తే అన్నిటికన్నా పై మార్కు ‘గుడ్’ వచ్చింది రెండింటికే. ఒకటి వోల్వో, ఇంకొకటి అక్యూరా. మిగతావాటి మీద ఎంత పెద్ద బ్యాడ్జీలున్నాయో నువ్వే ఊహించుకో.

నీకు ఇంకా ముఖ్యమైంది 2022లో మొదలైన పరీక్ష. అంతకుముందు ఎదురుగా గుద్దే పరీక్షలో వాళ్లు చూసింది ముందు సీట్లో వాళ్లకి ఏమవుతుందని. ఇప్పుడు డ్రైవర్ వెనక సీట్లో కూడా బొమ్మని కూర్చోబెడుతున్నారు. పొట్టి ఆడమనిషి, లేదా 12 ఏళ్ల పిల్లల సైజు బొమ్మ. మొదటిసారి 15 చిన్న ఎస్‌యూవీలని ఇలా గుద్దిస్తే మళ్లీ రెండింటికే ‘గుడ్’ వచ్చింది. కారణం ఏంటంటే, ఇన్నేళ్లలో ముందు సీట్ల బెల్టులు, ఎయిర్‌బ్యాగులు ఎంతో బాగుపడ్డాయి, వెనక సీట్లు చాలా కార్లలో ఆ వేగాన్ని అందుకోలేదు. నీ ఇంట్లో ముందు కూర్చునేది మీ ఇద్దరే. మిగతా నలుగురూ వెనకే. అందుకని రేటింగ్ పేజీ తీయగానే పైనున్న పెద్ద అవార్డు చూసి మురిసిపోకుండా, కిందకి దిగి ఆ వెనక సీటు మార్కు చూడు.

మూడో వరసలో మాత్రం ఆ పరీక్షలో ఎవరినీ కూర్చోబెట్టరు. ఈ ముక్క షోరూమ్‌లో ఎవరూ నోరు తెరిచి చెప్పరు.

ప్రభుత్వం ఇచ్చే ఐదు స్టార్లు కూడా చూడు. కానీ ఎదురుగా గుద్దే పరీక్ష స్టార్లని ఒకే తరగతిలో, దాదాపు ఒకే బరువున్న కార్ల మధ్యే పోల్చాలి. చిన్న సెడాన్ ఐదు స్టార్లు, రెండు టన్నుల ఎస్‌యూవీ ఐదు స్టార్లు ఒకటి కావు. రోలోవర్, అంటే బండి బోల్తాపడే అవకాశానికి మార్కు వేరే ఇస్తారు, ఎత్తు బళ్లకి అది తప్పకుండా చూడాలి.

ఇక లెక్కకొద్దాం. మీరు ఆరుగురు. ఎక్స్5 మామూలుగా ఐదు సీట్ల బండి, మూడో వరస డబ్బు కట్టి పెట్టించుకోవాలి, అదీ ఇరుకే. అది కొట్టెయ్. మిగిలిన మూడింటిలో రెండో వరసలో పిల్లల కార్ సీట్లు రెండు బిగించాక మీ అమ్మానాన్న మూడో వరసలోకి ఎలా వెళ్తారు? అసలు ప్రశ్న ఇదీ.

మా అమ్మ వచ్చిన ఏడాది నేను చేసిన పని చెప్తాను. పాప కార్ సీటు, అమ్మ, ఇద్దరినీ తీసుకుని షోరూమ్‌కి వెళ్లాను. సేల్స్ అబ్బాయి పైన అద్దం తెరిచి ఆకాశం చూపిస్తున్నాడు. నేను వెనక తలుపు తీసి కార్ సీటు వెనక్కి తిప్పి బిగించాను. దాంతో ముందు సీటు ఎంత జరిగిందంటే, మా ఆవిడ మోకాళ్లు డ్యాష్‌బోర్డుకి ఆనాయి. మూడో వరసలోకి ఎక్కబోయి అమ్మ ఒక కాలు గడప మీద పెట్టింది. పట్టుకోవడానికి చెయ్యి గాల్లో వెతుక్కుంటోంది, ఈలోగా చీర కుచ్చిళ్లు సీటు కింద ఇనప పట్టాలో ఇరుక్కున్నాయి. ఎలాగో కూర్చుని, మోకాళ్లు గడ్డానికి ఆనుతుంటే, ‘‘ఎక్కానురా, దిగడానికి మాత్రం క్రేన్ పిలువు’’ అంది. ఆ బండి అక్కడే వదిలేశాం. బ్రోషర్లో మాత్రం ఏడుగురు కూర్చోవచ్చనే ఉంది.

మధ్యలో నడవడానికి దారి ఉండేలా రెండో వరసలో కెప్టెన్ చెయిర్లు, అంటే విడివిడి సీట్లు ఉన్న వేరియంట్లు చూడు. 2022 నుంచి వచ్చిన ఎండీఎక్స్‌లో రెండో వరస మధ్య సీటు తీసేయొచ్చు, అది నీకు పనికొస్తుంది. మూడో వరస లేపి ఉంచి డిక్కీ కూడా తెరిచి చూడు. మీ వాళ్లు దిగే రోజు 23 కిలోల సూట్‌కేసులు నాలుగు వస్తాయి. ఆరుగురూ కూర్చున్నాక అవి ఎక్కడ పెడతావు?

డబ్బు విషయంలో ఒక్కటే గట్టిగా చెప్తా. 84 నెలలు వద్దు. ఈ తరగతి బళ్ల విలువ మొదటి మూడేళ్లలో పడిపోయినంతగా తర్వాత పడదు. అప్పు మాత్రం మెల్లగా కరుగుతుంది. మధ్యలో ఎప్పుడో ఒకసారి కారు విలువ కన్నా బాకీ ఎక్కువ ఉంటుంది. మనలాంటి వాళ్లకి ఉద్యోగం పోతే, గరిష్ఠంగా 60 రోజుల్లో ఇంకో ఉద్యోగమో, వీసా స్టేటస్ మార్చుకోవడమో, తిరుగు ప్రయాణమో తేల్చుకోవాలి. ఆ టెన్షన్‌లో కారు అమ్మితే వచ్చేదాని మీద ఇంకా జేబులోంచి వేసి బ్యాంకుకి కట్టాల్సొస్తుంది. మా పాత టీమ్‌లో ఒకతనికి ఇదే జరిగింది.

నేనైతే మూడేళ్లు లీజు మీద తిరిగి వెనక్కొచ్చినవాటిలో, కంపెనీయే చెక్ చేసి వారంటీ పొడిగించి అమ్మే సర్టిఫైడ్ బండి చూస్తాను. మొదటివాడు పోగొట్టుకున్న విలువ నీకు లాభం. వారంటీ మాత్రం కాగితం మీద చదువు. ఈ బ్రాండ్లకి మామూలుగా కొత్తప్పుడు 4 ఏళ్లు లేదా 50,000 మైళ్లు ఉంటుంది. నేను వచ్చిన రెండో ఏడాదే వారంటీ దాటిన లగ్జరీ బండి చవగ్గా వచ్చిందని కొన్నాను. స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద బండి నిలిచే ఎయిర్ సస్పెన్షన్ ఉంది, తేలిపోతున్నట్టు నడిచేది. ఒక చలికాలం పొద్దున తలుపు తీసి చూస్తే ఒక మూల కుంగిపోయి, గేదె పడుకోబోతూ ఆగినట్టుంది. రిపేరు అంచనా చూసి నేనూ కాసేపు మెట్ల మీద కూర్చుండిపోయాను. అందుకే నా సలహా, మామూలు స్ప్రింగుల సస్పెన్షన్, చిన్న చక్రాలున్న వేరియంట్. 21 అంగుళాల చక్రాలు ఫొటోలో బావుంటాయి. గుంతలో పడ్డాక టైరు బిల్లు చూస్తే అంత బావుండవు. ఇంకా ప్రీమియం పెట్రోలు, ఇన్సూరెన్స్ కూడా లెక్కేసుకో. సంతకం చేయకముందే విన్, అంటే బండి గుర్తింపు నంబరు ఇచ్చి ఇన్సూరెన్స్ కొటేషన్ తెచ్చుకో. మన దగ్గర పదేళ్లు నడిపిన అనుభవాన్ని ఇక్కడ చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు లెక్కలోకి తీసుకోవు.

ఇంకో జవాబు:

అన్నగారు అంతా చెప్పి అసలు మాట మింగేశారు. మినీ వ్యాన్ అండీ! వ్యాన్ అంటే నామోషీ అని మగాళ్లంతా ఎస్‌యూవీ చుట్టూ తిరుగుతారు. మా ఇంట్లోనూ ఇదే గొడవ నడిచింది. జారే తలుపు బటన్ నొక్కితే తెరుచుకుంటుంది, పక్క కారుకి తగలదు. నేల కిందకి ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కారు. టొయోటా సియెనా వ్యాన్ 2021 మోడల్ నుంచి హైబ్రిడ్ మాత్రమే, మంచు పడే చోట ఉంటే నాలుగు చక్రాల డ్రైవ్‌లోనూ దొరుకుతుంది. వెనక సీటు మార్కు మాత్రం దీనికీ చూసుకోండి, వ్యాన్ కదా అని వదలొద్దు.

ఎత్తయిన బళ్ల గురించి ఇంకొకటి. వెనక కెమెరా 2018 మే నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి. ముందు మాత్రం బానెట్ ఎత్తుగా ఉంటుంది. మీ 4 ఏళ్ల బాబుని బండికి మూడడుగుల ముందు నిలబెట్టి, మీరు డ్రైవర్ సీట్లోంచి చూడండి. ముందు కెమెరా ఎందుకు కావాలో అప్పుడు తెలుస్తుంది.

పిల్లలకి లావు జాకెట్ వేసి కార్ సీటు బెల్టు బిగించకండి. బిగువుగా ఉన్నట్టే ఉంటుంది, లోపల మాత్రం వదులే. బెల్టు పెట్టాక జాకెట్ పైన కప్పండి.

ప్రశ్న వేసినవారు:

అన్నా, అక్కా, చాలా థాంక్స్. 84 నెలలు, ఎక్స్5 రెండూ కొట్టేశాం. వ్యాన్ మాట ఎత్తగానే మా ఆవిడ నవ్వింది, ‘చూద్దాం’ అంది. శనివారం సర్టిఫైడ్ ఎండీఎక్స్, ఎక్స్‌సీ90, సియెనా మూడూ చూస్తున్నాం. క్రెడిట్ హిస్టరీ (అప్పులు సరిగ్గా కట్టిన రికార్డు) ఇంకా సరిగ్గా లేదు, ఏం చేయమంటారు?

జవాబు:

ముందు నీ ఊళ్లో క్రెడిట్ యూనియన్‌కి (సభ్యులదే అయిన బ్యాంకులాంటిది) వెళ్లి ప్రీ అప్రూవల్, అంటే ఇంత లోన్ ఇస్తామనే కాగితం ముందే తెచ్చుకో తమ్ముడూ, అది జేబులో ఉంటే డీలర్ చెప్పే వడ్డీకి తలూపాల్సిన పని లేదు. ఇప్పుడు కాస్త ఎక్కువ పడ్డా, ఏడాది సరిగ్గా కట్టి రీఫైనాన్స్ చేయించుకో, అంటే తక్కువ వడ్డీ లోన్‌తో పాతది తీర్చెయ్. ముందే తీర్చేస్తే జరిమానా ఉందా అని మాత్రం అడుగు. బండి దగ్గరికి వెళ్లగానే డ్రైవర్ వైపు ముందు అద్దం కింది మూలలో అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే విన్ ఉంటుంది, ఫొటో తీసుకో. ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో అది కొడితే చేయించకుండా వదిలేసిన రీకాల్స్, అంటే కంపెనీయే బాగుచేయాల్సిన లోపాలు కనిపిస్తాయి. ఏదన్నా ఉంటే అది చేయించాకే తాళం ఇమ్మను, రీకాల్ పనికి డబ్బు తీసుకోకూడదు. శనివారం మధ్యాహ్నం రద్దీగా ఉంటుంది, కార్ సీటు నింపాదిగా బిగించుకోవాలంటే పొద్దున్నే వెళ్లు.