పద్నాలుగు నెలలు ఒంటరిగా తిరిగి వచ్చాక "ఏం తెలుసుకున్నావు?" అని అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: వెనుదిరిగిన బాటసారి

ఉద్యోగం మానేసి, పద్నాలుగు నెలల పాటు పదకొండు దేశాల్లో ఒంటరిగా తిరిగి, ఇంటికి చేరి ఇప్పటికి మూడు నెలలయింది. బయలుదేరేటప్పుడు అందరికీ ఒకే మాట చెప్పాను, నన్ను నేను తెలుసుకోవడానికి వెళుతున్నానని. ఇప్పుడు ఆ మాటే నా మెడకు చుట్టుకుంది. కలిసిన ప్రతివారూ "ఇంతకీ ఏం తెలుసుకున్నావు?" అంటున్నారు. వెటకారానికి అడిగితే నవ్వి ఊరుకోవచ్చు. నిజంగానే వినాలన్న కోరికతో అడుగుతున్నారు కాబట్టి జవాబు లేకపోవడం మరీ ఇబ్బందిగా ఉంది.

ప్రయాణంలో మూడు నోటుపుస్తకాలు నింపాను. మొన్న వరుసగా చదివి చూస్తే, మొదటి పుస్తకం నా భుజం మీదుగా ఎవరో తొంగిచూస్తున్నారన్నట్టుగా రాసి ఉంది. సూర్యాస్తమయాలు, జీవితం గురించి పెద్ద పెద్ద నిర్ణయాలు. మూడో పుస్తకంలో బస్సు వేళలు, ఉతకవలసిన బట్టలు, మోకాలి నొప్పి తప్ప మరేమీ లేవు. నాలో మిగిలిన మార్పేమిటని వెతుక్కుంటే ఒక్కటే కనబడింది. గది విడిచే ముందు పాస్‌పోర్టు, ఫోను, కళ్ళజోడు, మందులు, తాళం అని ఎడమచేతి ఐదు వేళ్ళ మీద లెక్కపెట్టుకునే అలవాటు. ఇప్పటికీ ఇంటి గుమ్మంలో నిలబడి అదే లెక్క పెడుతున్నాను, అదీ పాస్‌పోర్టుతో మొదలుపెట్టి.

ఎక్కువ కాలం ఒంటరిగా తిరిగినవారిని అడుగుతున్నాను. మీకు మీ గురించి నిజంగా ఏమైనా తెలిసిందా? నాకు తెలియకపోవడం నా లోపమా, లేక నేను వేసుకున్న ప్రశ్నే తప్పా?

జవాబు 1: నిదానం

మీరు మూడో పుస్తకాన్ని తక్కువ చేసి చూస్తున్నారని నాకనిపిస్తోంది. నేను ఏడు నెలలు తిరిగాను. వెళ్ళకముందు నేను సర్దుకుపోయే మనిషినని గట్టిగా నమ్మేదాన్ని. ఎక్కడికి వెళదామన్నా, ఎప్పుడు బయలుదేరదామన్నా "మీ ఇష్టం" అనడం నాకు అలవాటు. నాలుగో నెలలో ఒక చిన్న ఊరి బస్టాండులో అరగంట తేడాతో రెండు బస్సులు వచ్చాయి, ఒకటి కొండల వైపు, ఒకటి సముద్రం వైపు. ఏది ఎక్కినా నాకు నష్టం లేదు, నా కోసం ఎక్కడా ఎవరూ ఎదురుచూడటం లేదు. అయినా లేవలేకపోయాను. రెండూ వెళ్ళిపోయాయి. సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు అర్థమయింది, నేను ఇన్నాళ్ళూ సర్దుకుపోవడం కాదు చేసింది, నిర్ణయించే బరువును పక్కవాళ్ళ మీద పెట్టి, అది బాగుండకపోతే మూతి ముడుచుకునే వెసులుబాటు మాత్రం నా దగ్గర ఉంచుకోవడం. పక్కన ఎవరో ఒకరు ఉన్నంతకాలం ఇది బయటపడే అవకాశమే లేదు. ఆ సాయంత్రం నేను పుస్తకంలో రాసుకున్నది మాత్రం "రెండు బస్సులూ తప్పాయి" అని మూడే మాటలు.

ఇంకొక సంగతి. పరాయి దేశాల్లో ఎక్కువ కాలం గడిపి వచ్చినవారికి సొంత చోటు కూడా కొత్తగా తోచి, రెండోసారి సర్దుకోవలసి వస్తుందని గల్లాహార్న్ దంపతులనే అమెరికన్ పరిశోధకులు 1963లోనే రాశారు; ఆ ఎగుడుదిగుళ్ళను గీత గీస్తే ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరంలా వస్తుందన్నారు. మీరు వచ్చి మూడు నెలలే అయింది కాబట్టి, నా లెక్కలో మీరు ఇంకా ఆ రెండో పల్లంలో ఉన్నారు. అక్కడ నిలబడి లాభనష్టాలు తేల్చకండి.

జవాబు 2: తెరచాప

ప్రశ్నే తప్పా అన్నారు కాబట్టి, నాకు ఇష్టమైన ఒక ఉదంతం చెబుతాను. 1968లో ఒక బ్రిటిష్ పత్రిక గోల్డెన్ గ్లోబ్ అనే పందెం పెట్టింది. ఎక్కడా ఆగకుండా, ఎవరి సాయమూ లేకుండా, తెరచాప పడవలో ఒక్కరే భూమిని చుట్టి రావాలి. తొమ్మిదిమంది బయలుదేరారు, పూర్తిచేసింది ఒక్కరే. రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ 312 రోజుల తరువాత, 1969 ఏప్రిల్ 22న, బయలుదేరిన ఫాల్మత్ రేవుకే తిరిగివచ్చాడు. వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి మానసిక వైద్యుడు అతన్ని పరీక్షించి, రెండుసార్లూ మామూలు మనిషేనని తేల్చాడు. పది నెలలకు పైగా సముద్రం మీద ఒంటరిగా ఉన్న మనిషి వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగివస్తే, మీరు మారలేదని బాధపడటం దేనికి?

అదే పందెంలో బెర్నార్ మొయితెసియే గెలిచే అవకాశం చేతిలో ఉండగా యూరప్ వైపు తిరగడం మానేశాడు. కేప్‌టౌన్ దగ్గర ఒక ఓడ మీదికి ఉండేలుతో సందేశం విసిరి, పందెం వదిలేసి, పసిఫిక్ సముద్రంలోని తాహితీ దీవి దాకా సాగిపోయాడు. డొనాల్డ్ క్రోహర్స్ట్ అట్లాంటిక్‌లోనే తచ్చాడుతూ, భూమిని చుట్టివస్తున్నట్టుగా రేడియోలో అబద్ధపు స్థానాలు పంపాడు. 1969 జూలైలో అతని పడవ దొరికింది, మనిషి దొరకలేదు. చాలామంది మొయితెసియే గురించే మాట్లాడతారు కానీ, నన్ను వదలనిది క్రోహర్స్ట్ కథ. ఎనిమిది నెలల్లో దాదాపు ఎప్పుడూ కనుచూపు మేరలో మనిషి లేడు, అయినా అతను ఒక్క క్షణం కూడా ఒంటరిగా లేడు. ఒడ్డున ఉన్నవాళ్ళకు ఏం చెప్పాలన్నదే అతన్ని ఆక్రమించింది. మీ మొదటి నోటుపుస్తకంలో ఆ రేడియో కొంచెం వినిపిస్తోంది, ఏమీ అనుకోకండి. మూడో పుస్తకం నాటికి మీరు దాన్ని కట్టేశారు. అప్పుడు రాసుకున్నది మోకాలి నొప్పి గురించే అయినా సరే.

జవాబు 3: ఇంటిపట్టున

పై ఇద్దరితోనూ నాకు పూర్తిగా ఏకీభావం లేదు. ఇరవై ఏళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని పనిచేసిన మనిషిని నిన్ను నువ్వు తెలుసుకున్నావా అని ఎవరూ అడగరు. ప్రయాణికుడి మీదే ఈ పన్ను ఎందుకు వేయాలో నాకు అర్థం కాదు. నేను తొమ్మిది నెలలు తిరిగాను, తెలుసుకోవడానికి కాదు. ఇంట్లో ఒక మాట చెప్పవలసి ఉండి, చెప్పలేక వెళ్ళాను. వచ్చిన నాలుగో రోజున చెప్పాను. దూరం వల్ల ధైర్యం వచ్చిందా, లేక వాయిదా వేయడానికి చేతిలో డబ్బు మిగలలేదా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు.

వెనుదిరిగిన బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. తెరచాప గారు రేడియో అన్నప్పుడు, ప్రశ్నలో రాయని ఒక సంగతి గుర్తుకువచ్చింది. దారిలో కలిసినవారు ఏం చేస్తుంటారని అడిగితే, ఎలాగూ మళ్ళీ కనబడరు కదా అని ఒకరికి ఉపాధ్యాయుడినని, మరొకరికి భూములు కొలిచేవాడినని చెప్పేవాడిని. మొదట్లో అది ఎంతో తేలికగా ఉండేది. ఆరో నెలలో, రైల్లో ఎదుటి సీటులోని పెద్దాయనకు గడియారాలు బాగుచేస్తానని చెప్పాను. ఆయన వెంటనే తన చేతి గడియారం విప్పి నా అరచేతిలో పెట్టాడు. పట్టీ ఇంకా వెచ్చగా ఉంది, ముళ్ళు నాలుగుంపావు దగ్గర ఆగిపోయి ఉన్నాయి. నేను దాన్ని అటూఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, లోపల ఒక భాగం మార్చాలని చెప్పి ఇచ్చేశాను. ఆయన నమ్మి, నా రెండు చేతులూ పట్టుకుని కృతజ్ఞతలు చెప్పాడు. ఆ తరువాత ఎనిమిది నెలలూ ఎవరడిగినా ఆఫీసులో పద్దులు రాసేవాడినని ఉన్నదే చెప్పాను.

మూడు పుస్తకాలూ ఇప్పుడే మళ్ళీ వెతికాను, ఈ సంగతి ఎక్కడా లేదు. మూడో పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టాను. తేదీ వేయవలసిన చోటు మాత్రం ఖాళీగా వదిలేయవలసి వచ్చింది.