గోల్కొండకు గైడు కావాలా, సొంతంగా చూడొచ్చా?

కోటగుమ్మం: వచ్చే ఆదివారం అమ్మానాన్నలతో గోల్కొండ వెళ్తున్నాం. గైడును మాట్లాడుకోవాలా, మేమే తిరిగి చూడొచ్చా?

రాతిమెట్లు: గైడు వద్దండి. నిరుడు మేం పెట్టుకున్నాం, గంటలో మొత్తం చుట్టబెట్టించాడు. కొండ పైదాకా వినిపిస్తాయంటూ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టించాడు, చార్మినార్ దాకా సొరంగం ఉందన్నాడు, కోహినూర్ ఈ కొండలోనే దొరికిందన్నాడు. అది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని కదా అంటారు, గోల్కొండలో జరిగింది వజ్రాల వ్యాపారం. డబ్బిచ్చి అబద్ధాలు వినడమెందుకు?

మట్టికోట: చప్పట్లు కొట్టేది ఫతే దర్వాజా దగ్గర కాదు. అది బయటి ప్రాకారంలో ఉంది, బండ్లు తిరిగే గుమ్మం. చప్పట్లు కొట్టేది టికెట్ తీసుకుని లోపలికెళ్లాక, బాలాహిసార్ దర్వాజా గుమ్మటం కింద. గుమ్మం పేరే తెలియనివాళ్లు గైడు తప్పులు పడితే ఎలా?

ఎండమావి: పొద్దున్నే వెళ్లండి, నీళ్లు తీసుకెళ్లండి. మెట్లు 300 పైనే.

రాతిమెట్లు: గుమ్మం పేరు పక్కన పెట్టండి. సొరంగం సంగతేంటి?

మట్టికోట: ముందు గుమ్మం తప్పని ఒప్పుకోండి. సొంతంగా తిరిగేవాళ్లు చేసేదేంటో నేను రోజూ చూశాను, సెల్ఫీ దిగుతారు, గోడ మీద పేర్లు గీకుతారు, దిగిపోతారు. గోడ పెచ్చు ఊడినచోట మట్టి గొట్టం మూతి కనిపిస్తుంది, దాని పక్కనుంచే వెళ్లిపోతారు. కింది నుంచి తొట్టి తర్వాత తొట్టికి నీళ్లు ఎక్కించి, ఆ గొట్టాల్లోంచి మహళ్లకు పంపారని ఎవరో ఒకరు వేలు పెట్టి చూపించాలి కదా. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు చుట్టుముట్టినా లొంగని కోట, లోపలివాడొకడు తలుపు తీస్తే పడిపోయింది. ఆ మాట అక్కడ నిలబడి వింటే ఒళ్లు జలదరిస్తుంది.

రాతిమెట్లు: అవన్నీ పుస్తకం చదివి వెళ్తే తెలుస్తాయి.

మట్టికోట: అసలు సంగతి చెప్పండి, మీకు డబ్బివ్వడం ఇష్టం లేదు. మా నాన్న ఆ మెట్ల మీద పాతికేళ్లు గైడుగా బతికాడు. గొంతు పోయేదాకా చెప్పి, చివర్లో బేరమాడితే తలొంచుకుని తీసుకునేవాడు. గంటలో ముగించకపోతే ఆ రోజు ఇంకో గుంపు దొరకదు, ఇల్లు గడవదు.

రాతిమెట్లు: డబ్బు సంగతి కాదండీ. అడిగినంతా ఇచ్చాం. మా అమ్మ చిన్నప్పటి నుంచీ రామదాసు కీర్తనలు పాడుతుంది. ఆ చెరసాల చూడాలని ఎన్నేళ్లుగానో అడిగింది. మోకాళ్ల నొప్పితో వచ్చింది. గోడ మీద చెక్కిన రాముడి బొమ్మ చూసి కింద కూర్చుని కీర్తన అందుకుంది. గైడు బయట నిలబడి "అమ్మా, టైమ్ అయిపోతోంది" అని చప్పట్లు కొట్టాడు. లేచి వచ్చేసింది. అప్పటి నుంచి నాకు ఆ చప్పట్లే గుర్తొస్తాయి, బాలాహిసార్‌వి కాదు.

కోటగుమ్మం: పాట పూర్తి కాలేదా?

రాతిమెట్లు: పల్లవి దాటలేదు.

మట్టికోట: అది తప్పే. మా నాన్నయితే తలుపు దగ్గర కూర్చునేవాడు. కానీ ఆ కూర్చున్న గంటకు కూడా ఎవరో ఒకరు డబ్బివ్వాలి కదా అన్నా.

రాతిమెట్లు: ముందే చెప్పి ఉంటే ఇచ్చేవాళ్లం. గుమ్మం విషయంలో మీరన్నదే నిజం, నేను పొరబడ్డాను.

కోటగుమ్మం: మేం పూటకు మాట్లాడుకుంటాం. చెర దగ్గర ఎంతసేపైనా ఆగుతామని ముందే చెప్తాం.