డల్లాస్‌లో పాము పెంచుకోవాలంటే పర్మిట్ కావాలా?

ఇర్వింగ్ కొత్తవాడు: అందరికీ నమస్కారం. జనవరిలో హెచ్1బీ మీద వచ్చాను, అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నా. ఒక బాల్ పైథాన్ (విషం లేని చిన్నపాటి కొండచిలువ) పెంచుకోవాలని ఉంది. తర్వాత వీలైతే రెటిక్యులేటెడ్ పైథాన్ (చాలా పెద్ద కొండచిలువ) కూడా. టెక్సాస్‌లో పర్మిట్ కావాలా? ఎక్కడ ఇస్తారు?

ప్లానో పెద్దాయన: బాల్ పైథాన్‌కి రాష్ట్రం పర్మిట్ అడగదు. బోవా కన్‌స్ట్రిక్టర్‌కీ అంతే. అడిగేది రెండు రకాలకి. ఒకటి, ఇక్కడి నేలది కాని ఏ విషప్పామైనా. మన నాగుపాము, రక్తపింజరి అందులోకే వస్తాయి. రెండోది ఐదు పెద్ద జాతులు: ఆఫ్రికన్ రాక్ పైథాన్, సదరన్ ఆఫ్రికన్ పైథాన్, ఏషియాటిక్ రాక్ పైథాన్, రెటిక్యులేటెడ్, గ్రీన్ అనకొండ. పర్మిట్ పేరు కంట్రోల్డ్ ఎగ్జాటిక్ స్నేక్ పర్మిట్, 2007లో చేసిన చట్టం. టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్లది. వేట లైసెన్సులు అమ్మే కౌంటర్లోనే కొనుక్కోవచ్చు. సొంతానికైతే రిక్రియేషనల్ రకం, 20 డాలర్ల పైచిలుకు. పిల్లల్ని పెట్టించి అమ్మాలంటే కమర్షియల్ రకం వేరే. పరీక్షా గిరీక్షా ఏమీ లేదు. కానీ పర్మిట్ చేతికొచ్చాకే పాముని ఇంటికి తీసుకురావాలి, వరస తిరగబడితే నేరమే. వదిలేసినా, తప్పించుకోనిచ్చినా అది ఇంకో కేసు.

హ్యూస్టన్ అక్క: ఆయన చెప్పింది రాష్ట్రం సంగతి. తమ్ముడూ, నిన్ను పట్టుకునేది రాష్ట్రం కాదు, లీజు. ఇక్కడ చాలా కాంప్లెక్సుల్లో వాడేది టెక్సాస్ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఫారమే. అందులో జంతువుల పేరా తీసి చదువు. కుక్కా పిల్లీతో ఆగలేదు. సరీసృపాలు, పక్షులు, చేపలు, సాలీళ్లు, పురుగుల దాకా పేరుపేరునా రాసి, రాతపూర్వక అనుమతి లేకపోతే తాత్కాలికంగా కూడా కుదరదన్నారు.

దొరికిపోవడం ఎలా ఉంటుందో చెప్తా విను. ఏసీ ఫిల్టర్ మార్చడానికి మనిషి వస్తాడని తలుపు మీద కాగితం అంటిస్తారు. నువ్వు ఆఫీసులో ఉంటావు. అతను బెడ్‌రూమ్‌లో గాజుపెట్టె, దాని మీద హీట్ ల్యాంపు చూసి ఫోన్‌లో ఫొటో తీసుకుంటాడు. సాయంత్రానికి మెయిల్ వస్తుంది: ఒక్కసారి వేసే చార్జీ ఒకటి, పాము బయటికి పోయేదాకా రోజుకింత అని ఇంకొకటి. రెండు అంకెలూ నువ్వు సంతకం పెట్టిన లీజులోనే ఉంటాయి. ‘లీజింగ్ ఆఫీసులో అమ్మాయి సరే అంది కదా’ అంటే చెల్లదు. ఆ అమ్మాయి పాము చావకుండా కర్ర విరగకుండా ‘మే బీ ఓకే’ అని ఉంటుంది. ఆర్నెల్లకి ఆ సీట్లో ఇంకొకరుంటారు.

కాబట్టి యానిమల్ అడెండమ్‌లో (లీజుకి జతచేసే జంతువుల ఒప్పందం) ‘బాల్ పైథాన్, ఒకటి, పెట్టె 4 అడుగుల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తు’ అని రాయించి సంతకం పెట్టించుకో. ఊరికే ‘కేజ్డ్ పెట్’ అని రాస్తే అది చిలక్కి పనికొస్తుంది. తలుపు ముందువైపు జరిగేది, తాళం ఉండేది కొను. పైమూత రకం అయితే ఏదో ఒక రాత్రి తలతో ఎత్తేస్తుంది. తప్పించుకుంటే ముందు ఫ్రిజ్ వెనక చూడు, అక్కడ వెచ్చగా ఉంటుంది. ఆ తర్వాత సింకు కింద పైపుల కంతలు. ఆ కంతల్ని ముందే మూసుకో, పక్కింట్లో తేలితే అడెండమ్ కూడా నిన్ను కాపాడదు.

కేటీ కుర్రాడు: ఎందుకంత తంటా? మానసిక ఊరటకి ఆ జంతువు అవసరమని రాసిచ్చే ఎమోషనల్ సపోర్ట్ లెటర్ తెచ్చుకుంటే చార్జీ ఉండదు.

హ్యూస్టన్ అక్క: కుక్కకైతే సరే. 2020లో ఫెడరల్ గృహనిర్మాణ శాఖ హెచ్‌యూడీ ఇచ్చిన మార్గదర్శకంలోనే తాబేలు తప్ప మిగతా సరీసృపాలు మామూలు పెంపుడు జంతువుల్లోకి రావన్నారు. ప్రత్యేకంగా పామే ఎందుకు కావాలో నిరూపించే భారం అడిగినవాడిదే అన్నారు. ఆ మార్గదర్శకాన్ని 2025లో వెనక్కి తీసుకున్నా, యాభై డాలర్ల ఆన్‌లైన్ లెటర్‌తో తేలేది కాదు.

ఆస్టిన్ మాస్టారు: రెటిక్ (రెటిక్యులేటెడ్ పైథాన్) మాట మర్చిపోవయ్యా. వన్యప్రాణుల రవాణా మీద ఉన్న ఫెడరల్ లేసీ చట్టం కింద దాన్ని రాష్ట్రం దాటించడమే ఫెడరల్ నేరం.

ప్లానో పెద్దాయన: మాస్టారూ, అది 2017కి ముందు మాట. ఆ చట్టం కింద హానికర జీవుల ‘ఇంజూరియస్’ జాబితాలో 2012లో నాలుగు, 2015లో నాలుగు, మొత్తం ఎనిమిది పెద్ద పాములు చేర్చారు. రెటిక్ 2015 బ్యాచ్. 2017లో డీసీ సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, ఖండం మీదున్న 49 రాష్ట్రాల మధ్య తిప్పడాన్ని ఆ సెక్షన్ ఆపదని తేల్చింది. విదేశం నుంచి తేవడం, హవాయికి, ప్యూర్టోరికోకి, వాషింగ్టన్ డీసీకి తీసుకెళ్లడం ఇప్పటికీ నిషేధమే.

ఆస్టిన్ మాస్టారు: మీరు చెప్పింది లేసీలో ఒక కాలు. రెండో కాలు అలాగే ఉంది: ఒక రాష్ట్రంలో చట్టవిరుద్ధంగా ఉంచుకున్న జంతువుతో సరిహద్దు దాటితే కేసే. టెక్సాస్ పర్మిట్ లేని రెటిక్‌ని కారులో ఓక్లహోమా తీసుకెళ్తే ఏమవుతుందంటారు?

ప్లానో పెద్దాయన: అది నిజమే. అందుకే పర్మిట్ ముందు అన్నాను. రెండు జాబితాలూ ఒకటే అనుకోవద్దు కూడా. ఎల్లో అనకొండ ఫెడరల్ జాబితాలో ఉంది, టెక్సాస్ జాబితాలో లేదు.

అట్లాంటా వదిన: హెచ్1బీ వాళ్లు ఒకచోట కుదురుగా ఉంటారా? ప్రాజెక్టు మారితే చట్టం మారుతుంది. మా జార్జియాలో బాల్ పైథాన్ ఫర్వాలేదు, కార్న్ స్నేక్ కుదరదు. ఇక్కడి అడవిలో పుట్టే విషం లేని పాముల్ని పెంచకూడదు కాబట్టి. ఫ్లోరిడా 2021లో రెటిక్‌ని, బర్మీస్ పైథాన్‌ని నిషేధిత జాబితాలోకి మార్చింది. హవాయిలో ఏ పామూ వద్దు, జరిమానా 2,00,000 డాలర్ల దాకా, మూడేళ్ల జైలు.

ఇంకో మాట ఎవరూ అనలేదు. పాము కేసు చిన్న జరిమానాతో పోయేదే అయినా, గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485లో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా, సైటేషన్ (చలానా లాంటి నోటీసు) వచ్చిందా’ అని అడుగుతారు. కోర్టు కాగితాలు జాగ్రత్త చేసుకోవాలి. బాల్ పైథాన్ ఇరవై ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. రేపు ఇండియా తిరిగెళ్తే సూట్‌కేసులో పట్టదు. వన్యప్రాణుల వ్యాపారం మీది అంతర్జాతీయ ఒప్పందం సైట్స్ రెండో అనుబంధంలో ఉంది గనక ఫెడరల్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల 3-200-46 ఫారంతో ఎగుమతి పర్మిట్ తీసుకోవాలి, అక్కడ దిగుమతి అనుమతి, భారత పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు.

ఇర్వింగ్ కొత్తవాడు: చాలా థాంక్సండి. రెటిక్ ఆలోచన మానేశా. బాల్ పైథాన్‌కి అడెండమ్ అడుగుతాను. రూమ్మేట్ శాకాహారి, అదొక్కటే సమస్య.

హ్యూస్టన్ అక్క: పాము తిండికి ఎలుకలు గడ్డకట్టినవే వస్తాయి, పాలిథిన్ సంచుల్లో. వంటింటి ఫ్రీజర్లో పెట్టకు, సెకండ్‌హ్యాండ్‌లో చిన్న ఫ్రీజర్ కొనుక్కో. అతని పేరు కూడా లీజులో ఉంటే అడెండమ్ మీద అతని సంతకం కూడా అడుగుతారు. ముందు అతనితో మాట్లాడు.