భుజం ఆపరేషన్ కుదురుతదా లేదా, ముందే తెలుస్తదా?

కరీంనగర్ పాత లైన్‌మ్యాన్:
నాకు 61. ముప్పై ఏండ్లు కరెంటు స్తంభాలెక్కితే ఏం కాని భుజం, రిటైరైనంక స్కూటీ జారి పడితే పోయింది. రెండున్నర నెలలైంది. కుడి చెయ్యి చెంప దాక గూడ లేస్తలేదు, రాత్రి ఆ పక్కకు ఒరిగితే పానం పోతది. ఎమ్మారైల రొటేటర్ కఫ్ (భుజం కండరాలను ఎముకకు కట్టి ఉంచే పట్టీ) 3 సెంటీమీటర్లు చినిగిందట, కొస వెనక్కి గుంజుకపోయిందట, 'గుటాలియే గ్రేడ్ 2' అట. షుగరుంది, మూడు నెలల సగటు 8.6. రోజుకు ఐదారు సిగరెట్లు. మా తోడల్లునికి ఇదే ఆపరేషన్ జేస్తే ఏడాదైనా సణుగుతనే ఉన్నడు. మా గల్లీ టైలర్ ఐదు నెలలకే కత్తెర పట్టిండు. ఎవరికి కుదురుతది, ఎవరికి కుదరది? డాక్టర్‌ను అడిగితే "చూద్దాం" అన్నడు.

బెజవాడ వదిన:
అన్నయ్యగారూ, నాకు 56, చేయించుకుని 14 నెలలు. చిరుగు 2 సెంటీమీటర్లే. ఆరు వారాలు చెయ్యి సంచిలోనే, నిద్ర కూర్చునే. నా ముడి నేను వేసుకోగలిగింది ఐదో నెలలో, ఆ రోజు ఏడుపొచ్చేసింది. ఒక్క తప్పు చేశాను. ఐదో వారంలో నొప్పి లేదు కదా అని, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫ్రిజ్‌లోంచి ఇడ్లీపిండి గిన్నె ఆ చేత్తోనే లాగాను. లోపల టప్‌మంది. ఆర్నెల్లకు స్కాన్ తీస్తే కుట్టిన చోట కొంత ఊడిందన్నారు. విచిత్రం, నొప్పి మాత్రం ఇప్పటికీ లేదు. బలమే, ఎడమ చేతిలో సగం కూడా రాలేదు.

ఒంగోలు ఫిజియో:
నొప్పి తగ్గడం వేరు, అతుక్కోవడం వేరు. కుట్టింది ఎముకను పట్టుకోవడానికి కనీసం 12 వారాలు కావాలి. ఊడేవి ఎక్కువగా మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే ఊడతాయి.

సార్, మీ తోడల్లుడికీ టైలర్‌కీ చిరుగు ఒక్కటేనా? అది ముందు అడగండి. 5 సెంటీమీటర్లు దాటితే కథే వేరు. మీది మధ్యస్థానికీ పెద్దదానికీ సరిహద్దు. గుటాలియే అనేది కండరంలో చేరిన కొవ్వు లెక్క, 0 నుంచి 4 దాకా. 2 అంటే కొవ్వు ఉంది గానీ కండరమే ఎక్కువ. 3 అంటే సగం సగం. కుట్టినా ఆ కొవ్వు వెనక్కి పోదు, మహా అయితే పెరక్కుండా ఆగుతుంది. దెబ్బ తగిలి చినిగితే నాన్చొద్దనేది అందుకే. వయసును మనం ఆపలేం. షుగర్, సిగరెట్ మాత్రం మీ చేతిలోవి. రెండూ అతుకును దెబ్బ తీస్తాయి, మీ సర్జన్‌తో తేదీ మాట్లాడేటప్పుడే వీటి సంగతీ మాట్లాడండి. ఇంకొకటి చూడండి. ఇంట్లో ఎవరినైనా ఆ చెయ్యి మెల్లగా పైకెత్తమనండి. సాఫీగా పోతే కీలు బిగుసుకోలేదన్నమాట, అది మంచి గుర్తు.

కరీంనగర్ పాత లైన్‌మ్యాన్:
మా ఆమె ఎత్తి చూసింది. చెయ్యి మొత్తం పైకి పోయింది. ఇడిస్తే ధబ్బున కిందవడ్డది, ఇద్దరం నవ్వుకున్నం. సిగరెట్ డబ్బ గూడ ఆమె దగ్గరికే పోయింది. కూసోని పండాలంటున్రు గదా, మా ఇంట్ల పాత పడక్కుర్చీ ఉంది, నడుస్తదా?

బెజవాడ వదిన:
నేను ఆరు వారాలూ దాన్లోనే. మోచేతి కింద దిండు మాత్రం మరిచిపోకండి, లేకపోతే తెల్లారేసరికి భుజం వెనక్కి వాలి చంపేస్తుంది.