మార్చి 31తో పాత కాంట్రాక్టు అయిపోతోంది, ఒక్క రాత్రిలో 62 మందిని మార్చాలి. ఎక్కడ మొదలెట్టాలి?

ప్రశ్న: కాలేజీ ఏఓ (పరిపాలనాధికారి), భీమవరం దగ్గర

అందరికీ నమస్కారమండి. ఓ ఇంజనీరింగ్ కాలేజీలో ఏఓగా చేస్తున్నాను. స్వీపింగ్, సెక్యూరిటీ, తోటపని, నీళ్ల ప్లాంటు, జనరేటరు అన్నీ తొమ్మిదేళ్లుగా ఒకే ఏజెన్సీ చూస్తోంది. ఈసారి టెండరు హైదరాబాదు కంపెనీకి వెళ్లింది. మార్చి 31 రాత్రి పాతవాళ్లు దిగాలి, ఏప్రిల్ 1 పొద్దున్న కొత్తవాళ్లు ఎక్కాలి. హాస్టల్లో ఎనిమిది వందల మంది పిల్లలు, పరీక్షలూ అప్పుడే. పాత కాంట్రాక్టరు ఫోనెత్తడం మానేశాడు. కొత్తవాళ్లేమో "మొబిలైజేషన్ ప్లాన్ రెడీ సార్" అంటూ, మనుషుల్ని ఎప్పుడెలా దించుతారో చూపించే రంగురంగుల చార్టు పంపారు. అది చూశాక ఉన్న ధైర్యం కూడా పోయింది. ఇలాంటిది దాటినవాళ్లుంటే చెప్పండి.

జవాబు: రిటైర్డ్ మెయింటెనెన్స్ సూపర్‌వైజరు, పాలకొల్లు

ఏఓ గారూ, ఆ చార్టు పక్కన పెట్టి ముందు మీ పంపు మనిషిని పట్టుకోండి. నేను ఇక్కడ ఓ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు చేసి దిగాను. మూడుసార్లు ఏజెన్సీ మారింది. రెండోసారి మునిగాం.

అప్పుడు జులై 1న మార్చారండి. గోదారికి ఎర్రనీరు, అంటే వరద బురద నీరు, తగిలితే కాలువలోకీ అదే వస్తుంది కదా. మాది కాలువ నీళ్లు చెరువులోకి పెట్టుకుని, పటిక వేసి, ఫిల్టరు బెడ్డు మీదుగా ట్యాంకుకి ఎక్కించే ఏర్పాటు. పాత పంపు మనిషి గాజు గ్లాసుతో నీళ్లు ముంచి, వెలుతురుకి ఎత్తి పట్టి, ఇవాళ ఇంత పటిక అని తేల్చేసేవాడు. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. జీతంలో వెయ్యి రూపాయల తేడా దగ్గర బేరం కుదరక కొత్త ఏజెన్సీ అతన్ని వదిలేసింది. వచ్చిన కుర్రోడు పాపం, స్టోరు రిజిస్టరు తిరగేసి మే నెలలో ఎన్ని బస్తాలు వాడారో చూసి అదే లెక్కన వేశాడు. నాలుగో రోజుకి బెడ్డు మీద బెత్తెడు రొంపి. వార్డులో కుళాయి తిప్పితే టీ రంగు నీళ్లు. పది రోజులు ట్యాంకర్లు తోలించాం. చివరికి నేనే బండేసుకుని పాతాయన ఇంటికెళ్లాను. వాళ్లావిడ మజ్జిగ ఇచ్చింది గాని, ఆయన అరగంట దాకా నోరు విప్పలేదు.

మీకు ఏప్రిల్ కాబట్టి ఎర్రనీటి గొడవ లేదు. కాని కాలువలు కట్టేసే రోజులు. చెరువు నింపే పని పాతవాళ్ల చేతే మార్చిలో చేయించెయ్యండి. బోరు మీద నడుపుదామంటే మీ వైపు ఉప్పు. జనరేటరు డీజిలు 31 సాయంత్రం మీరే గేజు చూసి, ఇద్దరి చేతా సంతకం పెట్టించుకోండి.

తాళాల సంగతి మర్చిపోకండి. మాకైతే ఆఖరి రాత్రి సిమెంటు సంచిలో నూట నలభై తాళంచెవులు తెచ్చి సెక్యూరిటీ బల్ల మీద కుమ్మరించి పోయారు, ఒక్కదానికీ చీటీ లేదు. డాబా మీద తలుపు తాళంచెవి మూడోనాడు దొరికింది. అప్పటికే తాళం పగలగొట్టేశాం.

జవాబు: హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు, తణుకు

సార్, మా వైపు నుంచి కూడా ఒక మాట. కాంట్రాక్టు మారిన ప్రతిసారీ చొక్కా మీద పేరు మారుతుంది, చీపురు మాదే. నాకు ఇది ఐదో ఏజెన్సీ. కిందటిసారి ఆధార్ జిరాక్సు తీసుకుని కొత్త ఈఎస్ఐ (కార్మికుల బీమా) నంబరు పుట్టించేశారు. కాలు విరిగి ఇంట్లో కూర్చుంటే, ఆ ఆరు నెలల లెక్కలో 78 రోజుల చందా కనిపించలేదని సెలవు డబ్బు రాలేదు. పాత నంబరులో మాత్రం నాలుగేళ్ల చందా ఉంది! పాత ఈఎస్ఐ నంబరు, పాత పీఎఫ్ నంబరు యూఏఎన్‌తోనే ఎక్కించాలని ఆర్డరులోనే రాయించండి.

ఎవరు ఉంటారో ఎవరు పోతారో మార్చి మొదట్లోనే చెప్పెయ్యండి. నాన్చితే పనొచ్చినవాళ్లు ముందే రొయ్యల ప్లాంటుకి వెళ్లిపోతారు.

జవాబు: లేబర్ కన్సల్టెంటు, కాకినాడ

తొమ్మిదేళ్లంటున్నారు కాబట్టి అయిదేళ్లు దాటినవాళ్లకి పాత కాంట్రాక్టరు గ్రాట్యుటీ ఇవ్వాలి, ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన. దీన్ని ఇప్పుడే కాగితం మీద పెట్టించండి, తర్వాత మనిషి దొరకడు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే కట్టాల్సింది అసలు యజమానే, అంటే మీ కాలేజీ. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలో అదే ఉండేది, దాని బదులు 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త కార్మిక కోడ్‌లోనూ అదే. అందుకని ఆఖరి బిల్లులో జీతాల మేరకు ఇచ్చేసి, ఏజెన్సీ కమీషనూ డిపాజిట్టూ ఆపండి. మొత్తం ఆపితే "నాకు డబ్బులేవి, వాళ్లకి జీతాలేవి" అని మీ మీదకే తిప్పుతాడు. మార్చి పీఎఫ్, ఈఎస్ఐ చలానాల గడువు ఏప్రిల్ 15, అవి చూశాకే మిగతాది. ఇంకోటి, హైదరాబాదు ఏజెన్సీ సెక్యూరిటీ లైసెన్సు తెలంగాణదైతే ఇక్కడ చెల్లదు. ఆంధ్రాది విడిగా ఉందో లేదో అడగండి.

ఏఓ, మళ్లీ

అందరికీ దండాలండి. లైసెన్సు మాట అడిగితే "అప్లై చేశాం సార్" అన్నారు. అది చేతికొచ్చేదాకా గేటు దగ్గర వాళ్ల గార్డుల్ని నిలబెట్టనని మెయిలు పెట్టాను.

పాలకొల్లు బాబాయ్ గారూ, నిన్న మా పంపు మనిషితో మూడు గంటలు తిరిగాను. వాల్వులు 23 అని డ్రాయింగులో ఉంది, ఆయన 26 చూపించాడు. ఒకటి లేడీస్ హాస్టలు వెనక కరివేపాకు చెట్టు కింద, మట్టిలో కప్పబడిపోయి ఉంది. చేత్తో తవ్వి చూపించి, "ఇది పూర్తిగా తిప్పకండి సార్, సగమే" అన్నాడు. ఎందుకని అడిగితే నవ్వాడు. సగం దాటితే కింద బాత్రూముల్లో పైపు జాయింటు ఊడుతుందట. ఆయన జీతం తగ్గించకుండా తీసుకోవాలని కొత్తవాళ్లతో రేపు మాట్లాడుతున్నాను.

రిటైర్డ్ సూపర్‌వైజరు, పాలకొల్లు

ఆయ్, రేపు కాదు, ఇవాళే మాట్లాడండి. ఆ సగం తిప్పే వాల్వుకి ఎర్రరంగు కొట్టించండి.